డెబ్బై ఒకటో నంబరు

టెక్సస్‌లోని ప్లేనోలో మా తెలుగు చర్చి ఆరాధన అయిపోయింది, ఎనభై ఆరు అక్టోబరు. శనివారం హ్యూస్టన్ సంఘంతో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఉంది. మనవాళ్లకి కోచ్ ఎవరో ఇవాళే తేలాలి. పాస్టర్ దైవాశీర్వాదం గారు కోచ్‌కి ఇవ్వాల్సిన విజిల్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తున్నారు. ఆ విజిల్ మీదే కన్ను పెట్టుకున్న సుందర్ రాజ్‌కి కాలు నిలవడం లేదు. వరండా ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతూనే మొదలుపెట్టాడు.

"నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ పాస్టర్ గారూ, డెబ్బై ఎనిమిది నుంచి ఎనభై నాలుగు దాకా ఇక్కడ పెద్ద టీంలో లైన్‌మన్‌గా ఆడాను. లైన్‌మన్ అంటే బంతి విసిరేవాడికి ముందు గోడలా నిలబడేవాడు. వాడి మీద పడటానికి వచ్చేవాణ్ణి ఆపడమే మన పని. మొదటి ఆటలో ఒకణ్ణి ఆపాను. అంతే, గొప్పేం కాదు."

"ఒక్కణ్ణేనా అన్నా?" అన్నాడు దామోదర్ టీ ఊదుకుంటూ.

"మొదటి ఆట అన్నాను కదయ్యా. రెండో ఏటికి ముగ్గురు. ఒక్కొక్కడు మూడొందల పౌండ్లు. కుడిచేత్తో ముగ్గుర్నీ ఆపి ఎడంచేత్తో బూటు లేసు కట్టుకునేవాణ్ణి. నా వెనకున్నవాడికి ఎంత తీరికంటే, మడత కుర్చీ వేసుకుని వాళ్లమ్మకి ఉత్తరం రాసి, స్టాంపు అంటించి, అప్పుడు బంతి విసిరేవాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎనభై ఒకటిలో ఐదుగురు కలిసి మీదికొచ్చారు. తోశాను. తోస్తూ పోయాను. గీత దాటాం, గేటు దాటాం, పార్కింగ్ దాటాం, హైవే ఎక్కాం. పక్క రాష్ట్రం ఓక్లహోమా బోర్డు కనపడ్డాక గానీ ఆగలేదు. హైవే మీద వెనక్కి నడుస్తున్నారని పోలీసు ఆ ఐదుగురికీ జరిమానా టికెట్ రాశాడు. నాకు రాయలేదు, నేను ముందుకే నడుస్తున్నాను కదా."

"మరి పేపర్లో ఒక్కసారైనా నీ పేరు చూడలేదే?" అన్నాడు దామోదర్.

పాస్టర్ గారి చేతిలో విజిల్ ఆగింది. సుందర్ రాజ్ నడక ఇంకా పెరిగింది.

"లైన్‌మన్ పేరు పేపర్లో ఎవడు వేస్తాడయ్యా, బంతి ముట్టుకున్నవాడిదే వేస్తారు. మైకులో చెప్పేవారు. అరవై వేల మంది వినేలా, డెబ్బై ఒకటో నంబర్ అని. ఒక్క ఆటలో ముప్పై రెండు సార్లు. మా టీంలో ఇంకొకడి నంబరు చెబితే ఒట్టు."

వరండా మెట్ల మీద కూర్చున్న వసంతకుమారి గారి అమ్మాయి రేణు తలెత్తింది. హైస్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ ఊదుతుంది, ప్రతి శుక్రవారం ఫుట్‌బాల్ ఆటకి గ్రౌండ్‌లోనే ఉంటుంది.

"అంకుల్, మైక్‌లో ఎవరు చెప్పారు? చారల షర్ట్ రిఫరీయేనా?"

"ఆయనే తల్లీ. ముందు పసుపు గుడ్డ గాల్లోకి విసిరేవాడు, మనం పూలు చల్లినట్టు. ఆ తర్వాత నా వైపు చెయ్యి చాపి నంబరు చెప్పేవాడు. మా టీం టీమంతా పది గజాలు వెనక్కి జరిగి నాకు దారిచ్చేది."

"అంకుల్, ఫౌల్ చేస్తేనే ఆ గుడ్డ వేస్తారు. ఎవరు చేశారో వాళ్ల నంబర్ చెప్తారు. వాళ్ల టీం పది గజాలు వెనక్కి పోవాలి, అది పనిష్‌మెంట్."

దామోదర్ గ్లాసు కింద పెట్టాడు.

"ముప్పై రెండు పదులు మూడొందల ఇరవై గజాలు. అన్నా, ఓక్లహోమా దాకా పోయింది మీ టీమే అన్నమాట, వెనక్కి."

పాస్టర్ గారు లేచి విజిల్ తాడు రేణు మెడలో వేశారు. సుందర్ రాజ్ అప్పటికి కూర్చున్నాడు.

"శనివారం నన్ను లైన్‌లో పెడతావా తల్లీ?"

"పెడతాను అంకుల్. కానీ మీ నంబర్ నాకు వినపడకూడదు."