దగ్గు ఆగింది

ఉదయగిరి కొండ కింద ఓ పల్లె ఆరోగ్య కేంద్రం. వరండా నిండా దగ్గే పిల్లలు, చూసేది ఒక్క నర్సు. గొర్రెలు కాసుకునే ముసలామె మనవణ్ణి కొంగులో చుట్టుకుని చిట్టచివరగా లోపలికి వచ్చింది.

"నీ చీటీ పదో నంబరు గదా అవ్వా. ఇప్పుడా వచ్చేది?"

"తెల్లారి నుంచి దగ్గి దగ్గి అల్లాడినాడమ్మా. ఈడికొచ్చినాక దగ్గు ఆగిపోయి నిద్రపట్టింది. పాపం, ఏడ్చే బిడ్డల్ని ముందు పోనీలే అనుకున్నాను."

"ఆగి ఎంతసేపయింది?"

"రెండు గంటలయ్యుంటాది. వచ్చేముందు ఇంటికాడ సాంబ్రాణి పొగ పట్టినాను, అది పనిచేసినట్టుండాది."

"చొక్కా పైకెత్తు."

"లేస్తాడేమోనమ్మా."

"లేస్తే మంచిదే. ఎత్తు. పాలు తాగినాడా?"

"పట్టలేదు."

"ఆ డొక్కలు చూడు. ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి పోతుండాయి. గొర్రెపిల్లకు ఇట్లయితే నిద్రపోతుండాదంటావా?"

ముసలామె మనవడి డొక్క మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"గొర్రెపిల్లయితే ఎప్పుడో కనిపెట్టేదాన్నమ్మా. ఆక్సిజన్ పెట్టు తల్లీ."

"ఉండేది ఒక్క సిలిండరు. నువ్వు ముందు పంపించినావే, ఆ బిడ్డకే పెట్టినాను."

"మరి వీడికి?"

"లోపలి గదిలోకి తీసుకురా, ఇద్దరికీ మార్చి మార్చి పెడతాను. అంబులెన్సు ఆత్మకూరు నుంచి రావాల. అందాకా నిద్రపోనీబాక. అరికాలు గిల్లి ఏడిపించు."

"గిల్లుతానే ఉండానమ్మా. ఏడవడంలా."