ఊ కొట్టని కథలు

ఎవరు, మా పరుపుల దొడ్డమ్మా? ఆవిడ గురించా అడుగుతున్నావు? కూర్చోవే మనవరాలా, ఇప్పుడు చెప్పకపోతే రేపటికి ఏది మిగులుతుందో నాకే తెలియదు. మా అమ్మకి అక్క. పరుపులు కుట్టేది. ఇంటినిండా దూదే, తుమ్మితే ముక్కులోంచి కూడా దూదే. పెద్ద సూది పట్టుకుని కుడుతూ కథ అందుకునేది. మేం పిల్లలం ఊ కొట్టాలి. ఊ ఆగిందా, కథా ఆగిందే. "నిద్రమొహాలకి నా కథెందుకే, గోడకి చెప్పుకుంటే సున్నమైనా రాలుతుంది" అనేది. మహా రోషం మనిషిలే. మా పెదనాన్నతో కూడా అంతే... సరే, అదిప్పుడొద్దు.

అప్పుడొచ్చాడమ్మా, టేపురికార్డరు చంకన పెట్టుకుని, పాత కథలు పోగుచేసే కాలేజీ మాస్టారు. మంచివాడే. ఫ్యాను ఆపించాడు, తలుపులు వేయించాడు, "పిల్లలూ, ఒక్కరూ కిక్కురుమనకూడదు, టేపులో పడుతుంది" అన్నాడు. సరే, నోళ్లు కుట్టేసుకున్నాం. దొడ్డమ్మ మొదలుపెట్టింది. రాజుగారికి చూపు పోయింది, చిన్న కూతురు మందు కోసం అడవికి బయల్దేరింది. ఆగింది. ఊ లేదు. మా మొహాలు చూసింది. ఇంకాస్త చెప్పింది. ఊ లేదు. "అంతే బాబూ" అని సూది అందుకుంది. ఆయన "అద్భుతం అమ్మా!" అని మీట నొక్కాడు. ఏ కథకైనా ఇదే వరస. వినేవాళ్లకి విసుగొచ్చిందని ఆవిడా, కథంతే కాబోలని ఈయనా.

పుస్తకం వచ్చింది. ముందుమాటలో రాశాడట, ఈ కథలకి ముగింపులుండవు, అదే వీటి అందమని. ఎవరో చదివి వినిపిస్తే దొడ్డమ్మ "నా పిల్లని అడవిలో వదిలేసి అందమంటాడేమే!" అని ఆ పూట అన్నం ముట్టలేదు. కబురు పెట్టాం. ఆయన వచ్చేసరికి ఆవిడకి పక్షవాతం, మాట పడిపోయింది. పాపం, మంచం పక్కన కూర్చుని ఆవిడ కథ ఆవిడకే చదివాడు. దొడ్డమ్మ వంకర మూతితో ఊ కొట్టింది. ఆయన చదివాడు, ఈవిడ ఊ కొట్టింది. పుస్తకంలో అయిపోయింది. ఆవిడ ఊ అంటూనే ఉంది. ఊ... ఊ... అని, తర్వాతేమైందో చెప్పమన్నట్టు. ఆయన పుస్తకం మూసి వెక్కి వెక్కి ఏడ్చాడే. పిల్లలం, మమ్మల్నెవరడుగుతారు?

ఆ పిల్లకేమైందో నాకు తెలుసు. ఎన్నిసార్లు విన్నాననీ! అడవిలోకి వెళ్లిందా, అక్కడో ముసలిది ఎదురొచ్చి, "నీ ఒళ్లో ఉన్నదిస్తే దారి చెబుతా" అంది. ఈ పిల్లేమిచ్చిందంటే... దాని ఒళ్లో... కాదు, కొంగున కట్టుకుని...

ఆ కిటికీ వెయ్యవే, జల్లు కొడుతోంది.