బాలల చెర గదుల వద్ద ఇరవై మూడేళ్లు: శ్రీమతి ఫెలిసిదాద్ మగ్బానువా

2001 జూన్ పదకొండవ తేదీన, ఇలోయిలో నగరంలోని మా బాలల న్యాయ సహాయ సంఘంలో శ్రీమతి ఫెలిసిదాద్ మగ్బానువా గారు స్వచ్ఛంద సేవకురాలిగా చేరారు. అప్పటికి వారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని. తరగతికి రావడం మానేసిన విద్యార్థిని వెతుక్కుంటూ వెళ్లి, పోలీసు ఠాణాలో పెద్ద ఖైదీల మధ్య ముడుచుకుని కూర్చున్న అతణ్ణి చూసిన దుఃఖమే వారిని మా గడప తొక్కించింది.

తొలి పదేళ్లు వారు ఠాణాల చుట్టూ తిరిగారు. పిల్లలను పెద్దల గదుల్లో ఉంచరాదని అధికారులను సవినయంగా వేడుకున్నారు. వినకపోతే వరండా బల్ల మీద సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నారు. వారి పట్టుదల ఫలితంగా మా పేట ఠాణాలో పిల్లలకు వేరే గది ఏర్పడింది. నేడు ఆ గది నిండా పోలీసులు స్వాధీనం చేసుకున్న మోటారు సైకిళ్లు ఉన్నాయి; పిల్లలు మళ్లీ పెద్దల మధ్యకే చేరారు. అభినందన సంచికలో ఇటువంటి మాట రాయకూడదేమో. కానీ అసత్యంతో వారిని సత్కరించడం నాకు చేతకాదు.

తదనంతర కాలంలో వారు న్యాయస్థానాల్లో పిల్లల పక్షాన నిలిచారు. అనలిన్ అనే పద్నాలుగేళ్ల బాలిక లా పాజ్ అంగడిలో ఫోను దొంగిలించి పట్టుబడినప్పుడు, ప్రతి వాయిదాకూ హాజరై, ఆమెను కుటుంబానికి అప్పగించేలా ఉత్తర్వు సాధించినవారు ఫెలిసిదాద్ గారే. విడుదలైన రోజున పిల్లకు వేడివేడి బచోయ్ నూడుల్స్ పులుసు తినిపించి, జీప్నీ బండి ఎక్కించి, నేనూ వెంటరాగా ఇంటికి తీసుకెళ్లారు. తల్లి తలుపుకు అడ్డంగా నిలబడింది.

“మీరే ఉంచుకోండి మేడమ్. దీని తమ్ముళ్లకే అన్నం చాలట్లేదు” అంది.

అనలిన్ నవ్వింది. “చూశారా నానాయ్? మీ మాట నమ్మి వచ్చా. జైల్లో నాకు చాపైనా ఉండేది.”

మా పిల్లలందరికీ వారు నానాయే, అంటే అమ్మే. ఆ పిల్లను తమ ఇంటికే తీసుకెళ్లారు. భర్త ఎలియాస్ గారు తమ మంచం ఇచ్చి నేల మీద పడుకున్నారు. వర్షాకాలమంతా అనలిన్ అక్కడే ఉంది, బడికి కూడా వెళ్లింది. తోటివాళ్లు దొంగ అని పిలుస్తుంటే తట్టుకోలేక, ఒక ఉదయం యూనిఫాం మడిచిపెట్టి వెళ్లిపోయింది. రేవులోనూ అంగళ్లలోనూ ఫెలిసిదాద్ గారు ఎంత వెతికినా దొరకలేదు.

నిరుడు మహిళా కారాగారంలో వారికి ఆ ముఖం మళ్లీ కనిపించింది. మాదకద్రవ్యాల కేసు, ఇప్పుడు వర్తించేది పెద్దల చట్టమే. వకీలును పెడతానని ఫెలిసిదాద్ గారు చెప్పగా, అనలిన్ వారి చేయి పట్టుకుని, “వద్దు నానాయ్. బయటికొచ్చి ఎవరింటికి పోను?” అందట.

“మనిల్లు లేదటే?”

“మీరు ముసలోళ్లయిపోయారు నానాయ్.”

తిరిగి వచ్చాక వారు కార్యాలయంలో మాతో, “విడిపించానే గానీ, వాళ్లకి తలదాచుకునే చోటు చూపించలేకపోయాను. ఇక నావల్ల కాదు” అన్నారు. ఆ మాటతోనే వారు మా సంఘం సేవ నుంచి విరమించుకుంటున్నారు.

వచ్చే సోమవారం మళ్లీ విచారణలున్నాయి. వారి స్థానంలో వెళ్లడానికి ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు. ఆ లోటు మాది, ఆ భారం ఇక వారిది కాదు.

ఫెలిసిదాద్ గారూ, మోకాళ్ల నొప్పి తగ్గి, కంటినిండా నిద్రపట్టి, ఎలియాస్ గారి సాహచర్యంలో మీరు ఆరోగ్యంగా, దీర్ఘకాలం జీవించాలని ప్రార్థిస్తున్నాము. నానాయ్ ఏరీ అని పిల్లలు అడిగినప్పుడు, ఇక రారని చెప్పగలిగే ధైర్యాన్ని మాకు ప్రసాదించమని కూడా ప్రార్థిస్తున్నాము.