జపాన్ చీటీ, రెండు నల్లకోట్లు

నాలుగింటికల్లా పెద్ద హోటల్ గుమ్మం ముందు నల్లకోటు తొడుక్కుని నిలబడితే తలుపు తీసే ఉద్యోగం. లేకపోతే ఇంకో ఏడాదిపాటు అక్క వండింది తింటూ బావ కోతలు వినడం. అందుకే బావమరిది, దర్జీ కొట్టు ఎదురుగా టీ బల్లమీద కూచుని మూడోసారి అడిగాడు.

"బావా, నా కోటు?"

"మీ అక్క ఇస్త్రీ చేసి తెస్తుందిలే. ముందు ఇది విను," అన్నాడు దర్జీ బావ, తన కోటు సవరించుకుంటూ. ఎండాకాలమైనా సరే, కొట్టు పనితనం నలుగురికీ తెలియాలని ఆయన తన నల్లకోటు విప్పడు. నోరు తెరిచాడంటే టీ గిన్నె కూడా పొంగడం మానేసి వింటుంది.

"మొన్న జపాన్ మేడమ్ కోటిచ్చి, దానికి చీటీ గుచ్చి వెళ్లిందా? చీటీ నిండా వాళ్ల రాతే. పక్కింటి బడి మాస్టారు ఎవరిచేతనైనా చదివిస్తానన్నారు, నేనే వద్దన్నాను. చీటీ పీకి జేబులో వేసుకుని, ఓ పుస్తకం కొనుక్కుని ఒక్క పూట కూచున్నాను. వచ్చేసింది!"

"జపాన్ భాషే?" అంది టీ కొట్టామె.

"దానికో కిటుకుందమ్మా! మాట వెనకాల బుల్లి తోక కుట్టాలి, మన ను, కి, తో లాగే. 'ఓ' అంటే మన 'ను'. 'నీ' అంటే 'కి'. 'దే' అంటే 'తో', ఒక్కోసారి 'లో'. 'నో' అంటే ఎవరిదో చెప్పడం. ఇంక 'వా' ఉంది చూశావూ, అది మాటకి పీట వేసి కూచోబెట్టి 'ఇప్పుడు ఈయన సంగతి' అంటుంది. 'గా' అయితే, చేసింది వీడేనని వేలెత్తి చూపిస్తుంది. తోకలు కుట్టడం దర్జీకి కొత్తా?"

ఇంతవరకూ సబబుగానే ఉంది. బావమరిదికి భయం పట్టుకుంది. బావ కోతలెప్పుడూ సబబుగానే మొదలవుతాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అలవాటవుతుందని గుడ్డ పేరు చెప్పి వెనకాల 'ఓ' తగిలించానా, కత్తెర దానంతటదే లేచి పరపరా కత్తిరించేసింది!"

"నువ్వు పట్టుకోకుండానే?"

"నేను పక్కగదిలో అన్నం తింటున్నాను! అంతలో జపాన్ నుంచి ఫోను. అయ్యా, తోకలన్నీ మీరే వాడేస్తున్నారు, మాకిక్కడ కరువొచ్చింది, పొద్దుటి పేపరు తోకల్లేకుండా అచ్చయింది, కుక్క మనిషిని కరిచిందో మనిషి కుక్కని కరిచాడో దేశంలో ఎవరికీ తెలియడం లేదు అని ఒకటే ఏడుపు. ఖాళీ గోతాలతో ఓడ పంపించారు. 'నో'లే పద్నాలుగు గోతాలు నింపాను. 'వా'లు మహా బరువు, ఓడ ఒరిగిపోతే నేనే భుజం పెట్టి లేపాను."

"ఈ వీధిలోకి ఓడెలా వచ్చింది?" అంది టీ కొట్టామె.

"వీధి పేరుకి 'నీ' తగిలించాం కదా, రాక చస్తుందా?"

గడియారం మూడున్నర చూపిస్తోంది. "ఇంతకీ చీటీలో ఏముంది బావా?"

"కోటు చేతులు మోచేతిదాకా కత్తిరించమని! గడగడా చదివేసి, చీటీ మళ్లీ గుచ్చేసి, నిన్ననే కత్తిరించేశాను."

పాపం ఆ మేడమ్, అనుకున్నాడు బావమరిది. అప్పుడే అక్క వచ్చింది, చేతిలో కోటుతో.

"మేడమ్ మధ్యాహ్నం వచ్చింది," అంది మొగుడితో. "తన కోటు తనే వెతుక్కుని, ఊడిన గుండీ చూపించింది. రెండు నిమిషాల్లో కుట్టిచ్చాను. నడుం వంచి నమస్కారం పెట్టి పట్టుకెళ్లింది."

"మరి చేతులో?"

"ఆమె కోటు చేతులు నిక్షేపంగా ఉన్నాయి."

అక్క తన చేతిలోది పైకెత్తింది. నల్లకోటే. చేతులు మోచేతిదాకానే ఉన్నాయి. కాలరుకి జపాన్ చీటీ.

"చీటీ పీకొద్దని ఇరవయ్యేళ్లుగా మొత్తుకుంటున్నాను. కొట్లో నల్లకోట్లు రెండు, ఆమెదీ వీడిదీ. చీటీ లేకపోతే ఏది ఎవరిదో నీకేం తెలుస్తుంది?"

"ఇప్పుడా 'గా' ఎవరికి తగిలించాలమ్మా?" అంది టీ కొట్టామె.

బావమరిది లేచి, బావ ఒంటిమీది కోటు గుండీలు పైనుంచి ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. కోటు భుజాల దగ్గర కాస్త వదులు, అంతే. బావమరిది అది తొడుక్కుని హోటల్ వైపు పరుగందుకున్నాడు.

అక్క కాలరు నుంచి చీటీ పీకి మొగుడి చేతిలో పెట్టింది.

"ఏదీ, నాకూ చదివి వినిపించు."

బావ చీటీని దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు, వెలుతురుకి పట్టి చూశాడు.

"తోకలన్నీ తెలుస్తున్నాయే," అన్నాడు మెల్లిగా. "మధ్యలో ఉన్న మాటలే తెలియడం లేదు."