జామ్ సీసాల్లో టీ

అలెగ్జాండ్రియా రేవు వెనక, పాత పత్తి గోడౌన్ల సందులో బసియూనీ టీ కొట్టు ఉంది. ఆ సందులో టీ కొట్టంటే అదొక్కటే. ఎదురుగా ఫత్‌హీ అనేవాడు ఇంకోటి పెట్టుకున్నాడు గానీ, దాన్ని బసియూనీ లెక్కలోకి తీసుకోడు. వాడి గుమ్మం వైపు తల కూడా తిప్పడు. ఎందుకని అడిగితే కారణం చెప్పడు. కారణం ఉంది.

అలాంటి బసియూనీ కొట్టులో ఆవేళ సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక చేరిన పెద్దమనుషులందరూ జామ్ సీసాల్లో టీ తాగుతున్నారు. అత్తిపండు జామ్ సీసాలు, నేరేడు జామ్ సీసాలు. ఎంత రుద్ది తోమినా కాగితం జిగురు వేళ్లకి అంటుతోంది, మూత మరలు పెదాలకి గీసుకుంటున్నాయి. అంచు విరిగిన గ్లాసు మనిషి ముందు పెట్టడం బసియూనీ జన్మలో చెయ్యని పని. పాతవాటి అంచులు పోతున్నాయని, తన తండ్రి పేరు చెక్కించి, బంగారు అంచు వేయించి కొత్త గ్లాసులు చేయించాడు. అవి శహ్హాత్ గోడౌనుకి చేరాయని కబురు రాగానే పాతవన్నీ గంపకెత్తి పారేశాడు. అదే అతను చేసిన తప్పు. గోడౌనులోకి వెళ్లిన గ్లాసులు మళ్లీ బయటికి రాలేదు. ఎప్పుడడిగినా శహ్హాత్ నోట ఒకటే మాట: "సిస్టంలో ఉన్నాయి బాబాయ్!"

రంజాన్ నెలవంక ఇవాళో రేపో. ఉపవాసం విప్పాక సందు సందంతా టీకి బయటికొస్తుంది. వాళ్లు జామ్ సీసాల్లో తాగుతారా, ఎదురుగా ఫత్‌హీ కొట్టుకి పోతారా? బసియూనీ కెటిల్లో నీళ్లతో పాటు ఆ ప్రశ్న కూడా పొద్దుటినుంచీ కాగుతోంది.

ఇంతలో శహ్హాత్ రానే వచ్చాడు. గోడౌనుకి పెద్ద. మనిషిలో చెడ్డతనం లేదు, నోటికి గడియ లేదు. వచ్చి హాజీ దమర్‌దాష్ పక్కన కూర్చున్నాడు. హాజీ గారు అస్వాన్ నుంచి ఎండు మందార పూలు తెప్పించి ఊరూరా అమ్మే వ్యాపారి. ఏ సరుకు ఎక్కడుందో చెప్పే ఆ కొత్త సిస్టం తన గోడౌనులో కూడా పెట్టించి, దాని మీద శహ్హాత్‌నే పెద్దగా కూర్చోబెడదామని ఆయన మనసులో ఉంది. ఆ సంగతి శహ్హాత్‌కి తెలుసు. అందుకే ఆవేళ వాడి గొంతు మామూలు కన్నా రెండు మెట్లు పైన ఉంది.

"ఆ యంత్రం మీ గోడౌనులో ఎక్కడ పెట్టారయ్యా?" అన్నారు హాజీ గారు.

"గోడౌనులో ఉండదు హాజీ గారూ. ఎక్కడో సముద్రాల అవతల ఉంటుంది, క్లౌడ్ అంటారు. మన చేతిలో ఇంత పరికరం ఉంటుందంతే. పెట్టె మీద గీతలకి చూపిస్తే బీప్ అంటుంది, ర్యాకు మీద స్టిక్కరుకి చూపిస్తే ఇంకోసారి బీప్ అంటుంది. ఈ పెట్టె ఈ అరలో ఉందని ఆ యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. దానికి కళ్లు లేవు, మనం ఏం చెబితే అదే దానికి వేదం. కైరో నుంచి ఇంజనీరొచ్చి వారం రోజులు నేర్పుతానన్నాడు. టీ చల్లారేలోపు నేర్చేసుకున్నాను."

"నీ టీ ఎప్పుడు చల్లారిందన్నా? ఒక్క గుక్కలో మింగేస్తావుగా," అన్నాడు జాబిర్. అదే గోడౌనులో ఫోర్క్‌లిఫ్టు తోలే మనిషి. గోడకి చేరగిలబడి పుచ్చ గింజలు కొరుకుతున్నాడు.

శహ్హాత్ వినిపించుకోలేదు.

"నేర్చుకున్న పాఠాలు చెప్పమంటారా హాజీ గారూ? మొదటిది, పెట్టె అరలో పెట్టాకే బీప్. ముందు బీప్ అనిపించి తర్వాత పెడదాంలే అంటే కొంప మునిగిందే. మావాళ్లేం చేశారు? బాదం లారీ వచ్చింది. డ్రైవరు దిగి, గుండె మీద చెయ్యేసుకుని, సరుకు మొత్తం ఉందన్నా, నా మాట అన్నాడు. మాటిచ్చిన మనిషి ఎదురుగా పెట్టెలు తడిమి చూడ్డం మర్యాద కాదు కదా! అతన్ని కూర్చోబెట్టి, టీ పోసి, కూర్చున్నచోటే కాగితం మీద గీతలన్నిటికీ బీప్ బీప్ బీప్ అనిపించేశారు. తీరా తలుపు తీస్తే లారీలో సగం బాదం, సగం గాలి."

"ఆ టీ పోసిందెవరన్నా?" అన్నాడు జాబిర్.

"ఎవరో పోశారు, అది కాదు ఇక్కడ ముఖ్యం. నేనొక్క అరుపు అరిచాను. ఆ అరుపుకి డ్రైవరు వెనక్కి తిరిగి, ఎడారి దారంతా హారను కొట్టుకుంటూ పోయి, మిగతా బాదం పట్టుకొచ్చాడు. పప్పు ఒలిచి మరీ తెచ్చాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు, చెప్పు," అన్నారు హాజీ గారు సీసా అంచు తుడుచుకుంటూ.

"ఆ యంత్రం నా చెయ్యి గుర్తుపట్టడం మొదలెట్టింది! మిగతావాళ్ల చేతిలో కోడిపిల్లలా కీచుమంటుంది, నా చేతికి రాగానే గొంతు సవరించుకుని నిండుగా అంటుంది, బీ...ప్! ఇంజనీరు నా నుదురు ముద్దుపెట్టుకుని, శహ్హాత్ అన్నా, ఇది నేను చేసిన యంత్రం కాదు, నువ్వు పెంచిన బిడ్డ అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు పాపం. అప్పుడే నాకు పిల్లుల ఆలోచన వచ్చింది."

"పిల్లులేమిట్రా?" బసియూనీ కెటిల్ దగ్గర్నుంచే అన్నాడు.

"గోడౌనులో పిల్లులు లేవా బాబాయ్? తిని పడుకోవడమేగా వాటి పని. ఒక్కోదాని మెడకి ఒక్కో స్టిక్కరు కట్టి, ఒక్కోదానికి ఒక్కో వరస అప్పగించాను. పప్పుల వరసకి నల్లది, బియ్యానికి చారలది, గాజు సామాన్ల వరసకి తెల్లది. ఏ పిల్లి ఎక్కడుందో సిస్టం చెబుతుంది. నల్లది పని వేళకి గోడ దూకి చేపల బజారుకి పోయిందనుకోండి, నా ఫోనుకి కబురొస్తుంది. ఆపూట దానికి పాలు కట్. ఇప్పుడు ఎలకలే వచ్చి గుమ్మం ముందు నిలబడి, లోపల నల్లమ్మ ఉందా అని అడిగి పోతున్నాయి."

అందరూ నవ్వారు. హాజీ గారు కూడా నవ్వారు. బసియూనీ నవ్వలేదు. గాజు సామాన్ల వరస అన్న మాట దగ్గరే అతని చెవి ఆగిపోయింది.

శహ్హాత్‌కి నవ్వులంటే నూనె పడ్డ దీపమే. ఇంకా వెలిగాడు.

"పిల్లులదాకా ఎందుకు, సూయెజ్ కాలవలో పోతున్న ఓడ కేప్టెను ఫోన్ చేశాడు. గ్రీకు మనిషి. ఆ ఓడలో మా నువ్వులున్నాయి లెండి. సలాం చెప్పి, మీ సిస్టం గురించి చాలా విన్నాం, పొద్దుటినుంచీ నా మేజోళ్లు కనబడ్డం లేదు, ఓడ నడపబుద్ధి కావడం లేదు అన్నాడు. కాలవలో ఆయన వెనక ఓడలన్నీ హారన్లు కొడుతున్నాయి. నేను కళ్లు మూసుకుని ఒక్క బీప్... మంచం కింద, ఎడమ పక్క, ఒకటి తిరగేసి ఉంది చూసుకోండి అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దొరికాయా?"

"దొరకడమా! తిరగేసి ఉందన్నాను కదా, అది కూడా కరెక్టే. ఓడలన్నీ కదిలాయి. అప్పట్నుంచి ఆ కాలవలో ఏ ఓడ పోయినా మన గోడౌను దిక్కుకి హారను కొట్టి పోతుంది. అదొక్కటేనా? మొన్న పరికరాన్ని ఆకాశం వైపు తిప్పి, రంజాన్ నెలవంక ఏ పక్క ఉందో అని ఊరికే చూశాను. బీప్ అంది!"

హాజీ గారు సీసా కిందపెట్టారు. "ఆ మాట వెనక్కి తీసుకో శహ్హాత్. నెలవంక కంటితో చూడాల్సింది."

"తీసుకున్నాను హాజీ గారూ. బీప్ అనలేదు." క్షణం ఆగాడు. "అనబోయింది."

బసియూనీ కెటిల్ దించాడు. చేతులు తుడుచుకుని వచ్చి వాడి ఎదురుగా నిలబడ్డాడు.

"నెలవంకని వదిలెయ్యి. కేప్టెను మేజోళ్లు దొరికాయి, సంతోషం. మా నాన్న పేరున్న గ్లాసులెక్కడరా?"

"సిస్టంలో ఉన్నాయి బాబాయ్!" అని శహ్హాత్ గబుక్కున ఫోను తీశాడు. "ఇదిగో, కళ్లారా చూడు. గాజు సామాన్ల వరస, కిటికీ వైపు, మధ్య అర. పచ్చగా వెలుగుతోంది చూశావా? పచ్చగా ఉందంటే ఉన్నట్టే."

"ఆ స్టిక్కరున్న అరలో ఎండు బెండకాయ మూటలున్నాయి," అన్నాడు జాబిర్, పుచ్చ గింజ తొక్క పక్కన ఊస్తూ.

"ఎప్పట్నుంచి?" అన్నాడు బసియూనీ.

"కడిగినప్పట్నుంచి."

జాబిర్ లేచి సరిగ్గా కూర్చున్నాడు.

"రంజాన్ వస్తోందంటే మనం ఇల్లూ వాకిలీ కడుక్కోమా బాబాయ్? అన్న కూడా గోడౌను కడగమన్నాడు. సరుకంతా కిందికి దించి, సబ్బు నీళ్లు పోసి ర్యాకులు రుద్దుతుంటే స్టిక్కర్లు వంకరగా లేచొస్తున్నాయి. అన్న చూసి, ఇంత అసహ్యంగా ఉంటే పండగ నెలకి మర్యాదా, అన్నీ పీకండిరా, ఎండాక వరసగా, నిటారుగా అంటిద్దాం అన్నాడు. బుట్టనిండా పీకాం. అన్నే దగ్గరుండి అంటించాడు. ఏ స్టిక్కరు ఏ అరదో ఎవరు చూశారు? కానీ ఒక్కటి వంకరగా ఉంటే నా పేరు మార్చుకుంటాను. అంత అందంగా ఉంది."

హాజీ దమర్‌దాష్ నెమ్మదిగా శహ్హాత్ వైపు తిరిగారు.

"అంటే గ్లాసుల స్టిక్కరు ఇప్పుడు బెండకాయల మీద ఉంది."

"యంత్రం తప్పు చెప్పలేదు హాజీ గారూ..."

"చెప్పలేదయ్యా. దానికి కళ్లు లేవని నువ్వే అన్నావుగా. ఆ సిస్టం నేను పెట్టిస్తాను, మంచిదే. దాని మీద పెద్దగా మాత్రం, సబ్బు నీళ్ల బకెట్టు చూస్తే చెయ్యి ఆగే మనిషిని వెతుక్కుంటాను."

శహ్హాత్ మొహం దించుకున్నాడు. అంతమంది ముందు వాడలా తల వంచడం ఆ సందు ఎప్పుడూ చూడలేదు. బసియూనీకి ఒక్క క్షణం జాలేసింది. రెండో క్షణంలో ఎదురుగా ఫత్‌హీ గుమ్మంలో గ్లాసుల గలగల వినబడింది, జాలి పోయింది.

శహ్హాత్ మాత్రం ఎంతసేపుంటాడలా? గొంతు సవరించుకున్నాడు.

"నిజానికి అది కూడా ఒక పరీక్షే బాబాయ్. సిస్టాన్ని అలా తిప్పలు పెడితేనే దాని సత్తా తెలుస్తుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు," అన్నాడు బసియూనీ. "ఆ తర్వాత నువ్వు ఈ బల్ల మీంచి లేచావు. జాబిర్‌ని వెంటబెట్టుకుని గోడౌనుకెళ్లావు. ప్రతి అరా నీ కళ్లతో చూశావు, ప్రతి మూటా నీ చేత్తో కదిపావు. పొద్దుగుంకేలోపు మా నాన్న పేరున్న పెట్టె నీ భుజం మీద పెట్టుకుని ఈ గుమ్మం ఎక్కావు. మిగతా కథ వచ్చాక చెబుదువు గానీ, లే."

ఈసారి ఎక్కువ నవ్వింది హాజీ గారే. శహ్హాత్ లేచాడు. సందు మలుపు తిరిగే దాకా జాబిర్‌తో ఏదో చెబుతూనే ఉన్నాడు, చేతులు గాల్లో తిరుగుతూనే ఉన్నాయి.

పొద్దుగుంకి మగ్రిబ్ అజాన్ వినబడే వేళకి వాడు తిరిగొచ్చాడు. చొక్కానిండా పిండి, మోచేతులకి మసి, భుజం మీద పెట్టె. గుమ్మంలో దించుతూ అన్నాడు:

"చింతపండు బస్తాల వెనక, నేల మీద ఉంది బాబాయ్. తెల్ల పిల్లి దాని మీద పడుకుంది. కదలనిస్తేనా! గీరింది కూడా, చూడు."

మణికట్టు చూపించాడు. గీరుకుపోయిన మాట నిజమే. పెట్టె మూత మీద తెల్ల వెంట్రుకలు కూడా ఉన్నాయి. బసియూనీ వాటిని ఒక్కొక్కటే ఏరి పారేసి, పెట్టె విప్పి, గడ్డి తీసి, ప్రతి గ్లాసూ వెలుగుకి ఎత్తి చూశాడు. అంచు ఎక్కడా పోలేదు. తండ్రి పేరు ఎక్కడా చెరగలేదు. కడిగి, తుడిచి, వరసగా పేర్చాడు. నమాజు చేసుకుని అందరూ తిరిగొచ్చి కూర్చున్నాక పుదీనా వేసి టీ పోశాడు. మొదటి గ్లాసు హాజీ గారికి, రెండోది జాబిర్‌కి, తర్వాత ఒక్కొక్కరికీ, వయసు చూసి, వరస తప్పకుండా. బంగారు అంచులు దీపం వెలుగులో మెరుస్తుంటే, ఎదురు కొట్టు గుమ్మంలో ఫత్‌హీ బయటికొచ్చి చూశాడని ఎవరో చెప్పారు. బసియూనీ అటు తిరగలేదు.

చివరికి బసియూనీ శహ్హాత్ దగ్గరికొచ్చాడు. చక్కెర దండిగా వేశాడు, పుదీనా రెండు రెమ్మలు ఎక్కువే వేశాడు, నిండుగా పోశాడు.

అత్తిపండు జామ్ సీసాలో పోశాడు.