మూడో ఆదివారం లేచిన లిదియమ్మ

ఆ కుర్చీ ఇట్టా లాక్కో సుజనా. సంబంధం వద్దన్నావంట గదా, మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నేనేం తిట్టనులే. ఏందీ, చేసింది తప్పా రైటా అంటావా? నాకేం తెలుసమ్మే. మా అక్క లిదియమ్మ ఉండుంటే ఆమెను అడగొచ్చు. పొయ్యి చానా కాలమయింది, అప్పటికి నువ్వు పుట్టలా.

మా దుత్తలూరు చర్చిలో పెళ్లికి ముందు మూడాదివారాలు ప్రకటన చదవతారు. ఫలానా పిల్లకీ ఫలానా పిల్లోడికీ పెళ్లి, అభ్యంతరం ఉండేవాళ్లు ఇప్పుడే చెప్పండి అని. ఎవురూ చెప్పరు. దగ్గొచ్చేవాళ్లు గూడా ఆ నిమిషం ఆపుకుంటారు. అట్టాంటిది, మా అక్క ప్రకటన మూడో ఆదివారం చదవతా ఉంటే, అక్కే చాప మీద నించి లేచి "అయ్యగారూ, నాకుండాది" అనింది. అయ్యగారు కళ్లద్దాలు తీసి "అమ్మా, నువ్వు పెళ్లికూతురివి, కూర్చో" అన్నాడు. "పెళ్లి నాదేగదయ్యా, నేను గాక ఇంకెవురు చెప్పాల" అనింది. పిల్లోడిలో ఏం లోపం తల్లీ అంటే, ఏం లేదనింది. వేరే ఎవురన్నా ఉండారా అంటే, ఎవురూ లేరనింది. వద్దు, అంతే. మా నాయన అంతమంది మధ్యలో తల దించుకోని బయటికి పోయినాడు. చెప్పులు గూడా యేసుకోలా, తర్వాత నేను పట్టుకోని పోయినాను. ఏం ఎండలో అనుకున్నావు, ఇప్పట్లాగా రోడ్లా పాడా.

తర్వాత అక్క ఉదయగిరి పోయింది. అక్కడ దస్తగిరి అని చెక్క గరిటెలు చేసేవాడు. వాళ్లింటి ఆడోళ్ల పక్కన కూర్చోని స్పూన్లు చెక్కేది నేర్చుకునింది. కొండ కింద ఒక గది, ఒక్కతే. మనూరోళ్లు నెల్లూరు బస్సుకని పొయ్యినప్పుడల్లా ఆ గదిలోకి తొంగి చూసేవాళ్లు. గరిటె పగిలినా, కప్పు కారినా, జొరమొచ్చినా వాళ్లకి ఆ ఆదివారమే కారణం. "ఆరోజు లేచినందుకు ఇప్పుడెట్టుండాది లిదియా" అని పలకరింపు. "కర్ర పచ్చిది, అందుకని పగిలింది. దానికీ పెళ్లికీ ఏం సంబంధం వదినా" అనేది అక్క. తృప్తిగా ఉండావా అని ఒకామె నేరుగానే అడిగేసింది. "పొద్దన సంగటి తిన్నప్పుడు ఉండినాను, ఇప్పుడు మళ్లా ఆకలేస్తా ఉండాది" అనింది. ఆమెకు అర్థం గాలా. నాకూ గాలేదులే.

అసలు సంగతి నీకు మీ అమ్మ చెప్పుండదు. అక్క వద్దనిన ఆ పిల్లోడు ఎవురనుకుంటా ఉండావు? మీ తాతే. ఆత్మకూరు బళ్లో అయివారు సురేంద్రబాబు. పందిరికి చెప్పేసినారు, చుట్టాలకి చెప్పేసినారు, పరువు పోతాదని వాళ్ల పెద్దమనిషొకడు "చిన్నది ఉండాది గదా, దాన్నియ్యండి" అన్నాడు. మా నాయన నా వైపు చూడనన్నా చూడలా, సరే అన్నాడు. మళ్లా మూడాదివారాలు ప్రకటన, ఈసారి నా పేరు. అప్పటికింకా అక్క ఊళ్లోనే ఉండాది. మూడో ఆదివారం నా పక్కనే కూర్చోనింది. అభ్యంతరం అనే మాట కాడ అయ్యగారు ఆగి మా చాప వైపు చూసినాడు. చర్చంతా చూసింది. అక్క మోచేత్తో నన్ను మెల్లిగా పొడిచింది, లేస్తావా బుజ్జీ అన్నట్టు. నేను లేవలా. చాపలో ఒక పుల్ల ఊడొస్తా ఉంటే దాన్ని పీకతా కూర్చున్నాను.

మీ తాత మంచోడే. తాగలా, చెయ్యెత్తలా. మీ అమ్మకన్నా ముందు పుట్టిన పిల్లోడు జొరంతో పోయినాడు. తుపానుకి ఇల్లు కూలింది. అప్పుడు ఎవురన్నా వచ్చి "ఆరోజు లేవకుండా కూర్చుండిపోతివి, చూడు బుజ్జీ" అన్నారా? అనలా. దేవుడి చిత్తం అన్నారు. తృప్తిగా ఉండావా అని అక్కనే అడిగినారు, బతికినన్నాళ్లూ. లేచినోళ్లకేనంట ఆ ప్రశ్న. కూర్చున్నోళ్లకి అన్నీ సరిపొయినట్టే లెక్క.

ఏందమ్మే, అట్టా చూస్తా ఉండావు? నన్నా అడగతా ఉండావు, తృప్తిగా ఉండావా అని?



దొడ్లో మేక చిక్కుడు పాదు మీదికి ఎక్కతా ఉండాది. ముందు దాన్ని తోలిరా పో.