కదలని తూకం

(కల్లూరులో ఒక చిన్న ఇల్లు. ఇంట్లో గుండె జబ్బున్న నెహెమ్యా, ఆయన భార్య ఏసుమణి. ఫోను వీడియో కాల్‌లో కర్నూలు ఆస్పత్రి నర్సు భువన.)

"...అందుకే చెప్తాండా నెహెమ్యా గారూ, మా గుండె పేషెంట్లందరిలో మీరే ఫస్టు. నెల నుంచి మీ తూకం అరవై ఒకటే. ఇటు పోదు, అటు పోదు. డాక్టరు గారు మీ తూకం గీత చూసి మురిసిపోతాండారు."

"ఏముందిలే సిస్టరమ్మా. మాత్రలు మింగుతాండా. ఉప్పు మానేసినా. అంతే."

"ఉప్పు మానేసినాడంట! ఏమయ్యా, నిన్న బొరుగుల ఉగ్గానిలోకి బజ్జీలు ఎవురు తిన్న్యారు? నేనా?"

"ఏమే ఏసుమణీ, వాసన చూసినా. వాసనలో ఉప్పుంటాదా?"

"ప్లేటు ఖాళీ అయ్యేదాకా వాసన చూసినాడు సిస్టరమ్మా."

"అమ్మా, కొట్లాట తర్వాత. మీరు మేమిచ్చిన తూకం మిషను ఎట్ల ఎక్కుతారో చిన్న వీడియో తీసుకుంటా, మిగతావాళ్లకు చూపిస్తాం. ఒకాయన దాని మీద మేకపిల్లను నిలబెట్టినాడు. ఎక్కిన బరువు ఎక్కినట్టే మాకు వచ్చేస్తాది గదా. మనిషి రాత్రికి రాత్రే పద్నాలుగు కిలోలైనాడని మేము అంబులెన్సు పంపినాం."

"అయ్యో పాపం! మేకకు బాగుండాదా?"

"మేకకు బాగుంది నెహెమ్యా గారూ. మీరు మిషను ఎక్కండి."

"ఇప్పుడా? ఇప్పుడొద్దులే తల్లీ. అన్నం తిని ఉండా."

"పర్వాలేదు."

"చొక్కా మాసి ఉండాది."

"నాకు మీ కాళ్లు, అంకె కనపడితే చాలు. ఫోను కింద పెట్టండి. మిషను ఇంటి నడుమకు లాగండి."

"నడుమకు వద్దు! కిటికీ పక్కనే ఉండల్ల. ఆడికి అలవాటు పడింది అది."

"మిషను అలవాటు పడిందా?"

"నేను కూడా ఆయన ఎనకాలే నిలబడల్ల సిస్టరమ్మా. అదీ అలవాటే."

"సరే ఏసుమణమ్మా, నిలబడండి. ఎక్కినారా? ఆ... అరవై ఒకటి. శభాష్! ...ఒక్క నిమిషం. నెహెమ్యా గారూ."

"ఆ?"

"మీకు ఎన్ని కాళ్లు?"

"అందరికీ ఎన్నో అన్నే."

"నాకు మిషను మీద మూడు కనపడతాండాయి. మూడోదానికి చీర అంచుంది."

"ఏమే! అది నీ కాలా? నెల నుంచీ మడమకు వెచ్చగా తగుల్తాంటే మిషనులో కరెంటనుకుంటాంటి గదే!"

"ఎందుకమ్మా ఇట్ల చేసినారు?"

"ఏం చేసేది సిస్టరమ్మా? తూకం పెరిగితే మీరే పిలిపిస్తామంటిరి. ఈయన పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటాడు. బాత్రూముకు పోయొస్తే రొప్పుతాడు. మీరు అడిగితే మాత్రం 'బాగుండా, బాగుండా' అంటాడు. అందుకే కాలు పెట్టి తొక్కుతాంటి. దినామూ ఇంకొంచెం గట్టిగా తొక్కినా. అయినా అదే అరవై ఒకటి! నా కాలికి బరువే లేదేమోనని ఏడ్చుకున్న్యా."

"కాలు తీయండి."

"తీసినా."

"యాభై ఏడా? ఇదేంది? నెహెమ్యా గారూ, మీరు అన్నం తింటాండారా?"

"యాభై ఏడు ఎట్లయితాది! ఉండు సిస్టరమ్మా, ఫోను పైకి తిప్పుతా. చూడు, ఆయన చెయ్యి యాడుండాదో చూడు! కిటికీ కమ్మి పట్టుకోని గబ్బిలం మాదిరి వేలాడతాండాడు!"

"పడిపోతానని పట్టుకున్న్యాలే."

"వదలండి నెహెమ్యా గారూ."

"వదిలితే..."

"వదులయ్యా!"

"అబ్బా, వదిలినా పో."

"అరవై రెండు... అరవై ఐదు... అరవై ఆరు. దేవుడా. అంటే నెల నుంచీ మీరు పైకి లాగేది, ఈమె కిందికి తొక్కేది?"

"ఈమె తొక్కేది నాకేం తెలుసు తల్లీ? అంకె అరవై ఒకటికి వచ్చేదాకా లాగుతాంటి. దినదినానికీ ఎక్కువ లాగాల్సి వస్తాంటే, చేతిలో బలం తగ్గిందనుకున్న్యా."

"ఐదు కిలోలు ఒంట్లో చేరిన నీళ్లు అవి! ఇప్పుడే బయల్దేరి ఆస్పత్రికి రండి."

"రాను."

"ఎందుకు రారు?"

"పోయినసారి నన్ను లోపలేసి ఈమెను గాజు తలుపు అవతల నిలబెడితిరి. ఆడ నిలబడి మూతి కదిలిస్తాది, నాకొక్క ముక్క వినపడదు. ఏమంటాందోనని శానా అవస్థ పడినా."

"ప్రార్థన చేస్తాంటి."

"తిడతాండావనుకుంటి."

"నడుమ నడుమ అవీ ఉండె."

"ఇంటావా సిస్టరమ్మా? తిట్టినా సరే, ఈమె మాట వినపడేకాడ్నే ఉంటా. పోయేదేదో ఈడనే పోతా. నేను రాను."

"ఏమయ్యా, ఆ మాట అనొద్దంటి గదా! నీ కాళ్లు పట్టుకుంటా, పోదాం పా."

"లేయ్, లేయ్. చూడు, నువ్వు కూర్చుంటే ఫోను బోర్లా పడె."

"అమ్మా, ఫోను నిలబెట్టండి. ఆ... ఉండండి, అట్లే ఉంచండి. ఇప్పుడు కనపడే కాలు ఎవరిది?"

"నాదే సిస్టరమ్మా. ఆయన మంచం మీద కూర్చున్న్యాడు."

"చీలమండ అట్లుందేమి?"

"ఎండకు ఉబ్బుతాదిలే. చెప్పులు పట్టడంల్యా, అంతే."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏమో, ఎవురు చూస్తారు?"

"బొటనవేలితో అక్కడ గట్టిగా నొక్కండి. కొంచెంసేపు అట్లే పట్టుకోండి... ఇప్పుడు తీయండి. గుంత పడిందా?"

"పడింది."

"పూడిందా?"

"...ల్యా. ఇదంతా ఎందుకు సిస్టరమ్మా, ఈయన సంగతి చూడు ముందు."

"అదీ నీరే. నడిస్తే ఆయాసం వస్తాందా అమ్మా?"

"నాకేం? బాగుండా. బాగుండా అంటాంటే!"

"సిస్టరమ్మా, ఈమెను నేను తీసుకొస్తా, నువ్వు ఫోను పెట్టెయ్. నేను ఆటోకు ఫోన్ చేయల్ల."